పాత పెట్రోలు బండికి క్రొత్త కార్బురేటరు

కొబ్బరికాయలను అంబాజీపేటకు తోలుటకు పాత పెట్రోలు జీపు పికప్పును వాడు సభ్యులు కొందఱు మమ్మడుగుచుందురు: “బండి లాగుట లేదు, పెట్రోలు త్రాగుచున్నది, పెద్ద కార్బురేటరు వేసిన బలము హెచ్చునా?” అని. డీజిలు బండికి కార్బురేటరే యుండదు గనుక ఈ మాట పెట్రోలు బండ్లకే చెల్లును.

క్రొత్తది కొనుటకు ముందు పాతది నిజముగా చెడినదా యని చూడవలెను. గాలి వడపోత మూసుకొనినను, పెట్రోలు గొట్టమున నలుసు చేరినను బండి ఇట్లే మొరాయించును. గిన్నెనుండి పెట్రోలు పొరలుచున్నచో సూది కవాటముగాని ఫ్లోటుగాని చెడియుండును. ఇత్తడి ఫ్లోటును ఊడదీసి, పెట్రోలు పూర్తిగా ఆరిన పిదప, పొయ్యికి దూరముగా, వేడినీట ముంచుఁడు. బుడగలు వచ్చినచో దానికి చిల్లు పడినదన్నమాట. త్రాటిలు కడ్డీ తన రంధ్రములో వదులై గడగడలాడుచున్నచో మాత్రము అరుగుదల ముదిరినది. అట్టిదానిని మార్చుటయే మేలు.

ఇఁక పరిమాణము. కాలువ తూమువద్ద ఇరుకగుటచే నీరు వడిగా పాఱుట మీ రెఱిఁగినదే. కార్బురేటరు కంఠమున గాలియు నట్లే వడి హెచ్చి, ఆ వడిచేతనే పెట్రోలును జెట్టునుండి పీల్చి తుంపరగా జేయును. కంఠము మితిమీఱి వెడల్పైనచో తక్కువ వేగమున గాలి మందగించి, పెట్రోలు సరిగా లేవదు. ఈ పొరపాటు మేమును చేసితిమి. పెద్ద కంఠముగలదానిని తెచ్చి బిగించితిమి. రావులపాలెము రోడ్డుపై బండి చక్కగనే పరుగెత్తినది. బరువుతో ఏటిగట్టు ఎక్కునపుడు మాత్రము ఇంజను దగ్గి ఆగిపోవుచుండెను. నెల తిరుగకమునుపే పాతదానిని బాగుచేయించి మరల పెట్టుకొంటిమి. ఖర్చు రెండింతలైనది.

లెక్క కష్టమైనది కాదు. యుద్ధకాలపు విల్లీసు జీపు ఇంజను 134 ఘనపుటంగుళములు, అనఁగా సుమారు 2.2 లీటర్లు. సిలిండర్లన్నియు రెండు చుట్ల కొకమారు గాలి పీల్చును గావున, నిమిషమునకు 3000 చుట్లు తిరిగినపుడు 1500 మారులు నిండి, 3300 లీటర్లకు మించి గాలి కోరదు. నిజమున సిలిండర్లు పూర్తిగా నిండవు గనుక అంతకును తక్కువే. కాఁబట్టి మీ ఇంజను పరిమాణమునకు తయారైనదానినే అడుగుఁడు. పాతదానిని ఊడదీసి అంగడికి చేత పట్టుకొని పొండు: బోల్టు రంధ్రముల ఎడము, కంఠపు వెడల్పు, త్రాటిలు మీట కదలు దిక్కు, చోకు తీగ స్థానము సరిపోల్చుఁడు. ఇవి కుదురనిచో ఎంత చౌక యైనను వలదు.

ఇప్పుడు మఱియొక చిక్కు కలదు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఇథనాలు నూటికి 20 పాళ్లకు చేరినది. అది తేమను పీల్చును. పాతకాలపు రబ్బరు ఉంగరములను ఉబ్బించి చెఱచును. ఇథనాలునకు ఓర్చు సామానుతో వచ్చినదేనా యని తప్పక అడుగుఁడు. వట్టి పెట్రోలు 1 పాలునకు తూకమున సుమారు 15 పాళ్ల గాలి వలయును; ఇథనాలు తనలోనే ప్రాణవాయువు కలిగియున్నందున పాత జెట్టుతో మిశ్రమము పలుచనగును. బిగించిన పిదప పది మైళ్లు తోలి ప్లగ్గు విప్పి చూడుఁడు. తెల్లగా నున్నచో మిశ్రమము పలుచన. జెట్టు ఒక మెట్టు పెద్దది వేయవలసియుండును. మసిపట్టినచో పెట్రోలు హెచ్చు. ఇటుక రంగు సరియైనది. వానకాలమున బండిని వారములకొలఁది నిలుపువారు గిన్నెలోని పెట్రోలును దింపివేయవలెను.