నాకూ వస్తుంది

"నా వల్ల కాదు. నాకేం తెలుసు?" అక్కా, ఈ మాట మనం ఎన్నిసార్లు అనుకున్నాం! అనుకోగా అనుకోగా మనసు దాన్నే నమ్ముతుంది. మరి ధైర్యం ఎలా వస్తుంది?

మనసు గురించి చెప్పేది మనస్తత్వ శాస్త్రం. 1977లో బండూరా అనే శాస్త్రవేత్త చెప్పిన సంగతి ఇది. చిన్న పని చేసి గెలిస్తే ధైర్యం పెరుగుతుంది. తోటివాళ్లు చేయడం చూసినా పెరుగుతుంది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడికి వెళ్లారు. అక్షరాలు దిద్దారు. కష్టసుఖాలు మాట్లాడుకున్నారు. కలిసి సారా కొట్టు మూయించారు. 1992లో ఊరూరా ఆడవాళ్లు కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

నిన్న రాయలేని మాట ఇవాళ రాశారా? అదీ గెలుపే. ఇక వేలిముద్ర వద్దు. సంతకం చేయండి.

ఆలోచించండి: "నా వల్ల కాదు" అని మీరు వదిలేసిన పని ఏది?