చిత్రముల సంఖ్యయు నటుని ప్రజ్ఞయు



గత మాసమున తొమ్మిదవ తరగతివారికి 'నా అభిమాన నటుడు' అను విషయముపై వ్యాసము వ్రాయుమని చెప్పితిని. వ్యాసములు దిద్ది తిరిగి ఇచ్చిన నాడు ఒక బాలుడు నల్లబల్ల కడకు పోయి, నటుల పేర్లను వరుసగా వ్రాసి, ప్రతి పేరునకు ఎదుట వారు నటించిన చిత్రముల సంఖ్య వేసి, పెద్ద సంఖ్య గలవారిని పైన నిలిపెను. దానితో వాదము ముగిసినదని అతని తలంపు. "సంఖ్యను బట్టి ప్రజ్ఞను కొలువరాదు నాయనా" అంటిని. అతడు ఊరకుండలేదు. "అట్లయిన మాచేత దినమునకు ఇరువది పంక్తులు చూచివ్రాత ఎందులకు వ్రాయించుచున్నారు, అయ్యవారూ? ఒక్క పంక్తి చాలదా?" అని అడిగెను. తరగతి అంతయు నవ్వినది. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఈ పాఠము ఆ బాలునకు నేను బాకీపడిన సమాధానము.

మొదట ఆ లెక్క యెట్టిదో చూతము. హోసూరు సీమలోని మన పిల్లలకు తెలుగును తమిళమును రెండును చెవిని పడుచునే యుండును. 1957లో విజయా సంస్థవారు 'మాయాబజార్' చిత్రమును ఈ రెండు భాషలలోను నిర్మించిరి. రెండింటను ఘటోత్కచుడు ఎస్. వి. రంగారావుగారే. మన బాలుని జాబితాలో ఇది ఒకటియా, రెండా? కథ అదియే, వేషము అదియే, మాట మాత్రము వేరు. రెండని లెక్కించినచో ఆయన ప్రజ్ఞ రెట్టింపైనదా? ఒకటే యన్నచో రెండవ భాషలో పడిన శ్రమ ఏమైనట్లు? ఇక ఒక్క దృశ్యమున తలచూపి పోయిన వేషమును, చిత్రమంతటిని భుజముపై మోసిన వేషమును జాబితాలో చెరియొకటిగానే నిలుచును. ఇట్టి లెక్కతో అంగడి సరకును కూడ ఎవరును కొనరు.

తక్కువ సంఖ్యకు కారణములును అనేకములు. కాంచనమాల 'మాలపిల్ల' (1938), 'వందేమాతరం' (1939) చిత్రములతో తెలుగునాట ఇంటింటి పేరైనది. 'బాలనాగమ్మ' (1942) తరువాత ఆమె దాదాపు తెరకు దూరమైనది. ఆమె జాబితా పొట్టిది. ఆ పొట్టితనమునకు ఆమె ప్రజ్ఞను బాధ్యురాలిని చేయుట న్యాయమగునా?

ఇప్పుడు నాకు మిక్కిలి ఇష్టమైన ఉదాహరణమునకు వచ్చెదను. గోవిందరాజుల సుబ్బారావుగారి పేరు మీలో ఎందరు వినియున్నారో నాకు సందేహమే. మీ తాతలనడిగిన చెప్పుదురు. వారు తెనాలి ప్రాంతమువారు, వృత్తిచే వైద్యులు. వారు నటించిన చిత్రముల పట్టిక మన నోటుపుస్తకములో ఒక పుటను నింపదు. కాని ఆ పట్టికలోని పాత్రలను చూడుడు. 'మాలపిల్ల'లో ఛాందసుడై యుండి, తుదకు మనసు మార్చుకొను సుందరరామశాస్త్రి. 'పల్నాటి యుద్ధం' (1947)లో బ్రహ్మనాయుడు. 'గుణసుందరి కథ' (1949)లో, కడగొట్టు కూతురు నిజము పలికినందులకు కోపించి ఆమెను దూరము చేసికొను ఉగ్రసేన మహారాజు. 'షావుకారు' (1950)లో చెంగయ్య. 'కన్యాశుల్కం' (1955)లో లుబ్ధావధానులు.

కడపటి యిద్దరి వద్ద కొంత ఆగుదము. ఇద్దరును వయసు మీరినవారు, ఇద్దరును ధనాశ గలవారు. సామాన్య నటుడు ఒక పిసినారిని చక్కగా నటించి పేరు వచ్చినచో, రెండవ పిసినారిని మొదటివాని చొక్కాలోనే దించును. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టును గనుక అతనికి నష్టము లేదు. సుబ్బారావుగారట్లు చేయలేదు. చెంగయ్య ఊరిలో పెద్దమనిషి. అతని ధనము అతనికి పరువు. పొరుగింటి పిల్ల సుబ్బులుపై అతనికి కన్నబిడ్డపై వలె వాత్సల్యము. ఆ వాత్సల్యమును ఆ పట్టుదలయు ఒకే గుండెలో పోరాడుచుండగా, అతనిని చూచి మనకు కోపమును జాలియు కలిసి వచ్చును. లుబ్ధావధానులకో, ధనము పరువు కాదు, భయము. ముసలితనమున పిల్లను కొని పెండ్లాడబోయి, ఆడువేషము వేసిన మగపిల్లవానిని కట్టుకొని మోసపోవును. పైకము పోవునను భయము, పరువు పోవునను భయము, ప్రాణము పోవునను భయము. చెంగయ్య యెదుట అప్పులవాడు వణకును. లుబ్ధావధానులు తానే వణకును. మొగము ఒక్కటే, లోపలి మనుష్యులు ఇరువురు. ప్రజ్ఞ అని నేననునది దీనిని.

తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో, వసతిగృహపు దూరదర్శనమున ఈ రెండు చిత్రములను ఒకే వారములో చూచితిని. రెండవదానిలో సగము వరకు ఇతడే ఆ చెంగయ్య యని నేను పోల్చుకొనలేకపోతిని. ప్రక్కనున్న మిత్రుడు చెప్పగా సిగ్గుపడితిని.

అయితే కొద్ది చిత్రములు చేసినవాడే గొప్పవాడని మీరు వ్రాసికొనవలదు. అదియు సంఖ్యను నమ్ముటయే. మూడవ పిసినారిని చూడుడు. జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట!' (1987)లో లక్ష్మీపతి కోడిని వ్రేలాడదీసి, దానివంక చూచుచు వట్టి యన్నము తినును. ఆ పాత్ర ధరించిన కోట శ్రీనివాసరావుగారు 2025లో పరమపదించునాటికి 700కు పైగా చిత్రములలో నటించియుండిరి. అందులో దుర్మార్గులు, రాజకీయవేత్తలు, తండ్రులు, తాతలు ఎందరో కలరు. అయినను ఆ కోడి క్రింద కూర్చున్న మనిషి మరియొకనివలె లేడు. అదే చిత్రములో అతని నౌకరు అరగుండుగా వచ్చి పేరుగాంచినవారు బ్రహ్మానందంగారు. వారు అంతకుముందు అత్తిలిలో తెలుగు అధ్యాపకులు (ఈ మాట చెప్పుటలో నాకు కొంత స్వజాత్యభిమానము కలదు, మన్నింపుడు). జీవించియున్న నటులలో అత్యధిక చిత్రములలో నటించినవారుగా వారి పేరు గిన్నిస్ గ్రంథమునకెక్కినది. అన్ని పర్యాయములు పిలువబడుట చిన్న విషయము కాదు. వేళకు వచ్చుట, మాట కంఠస్థము చేయుట, నిర్మాతకు నష్టము కలిగింపకుండుట, జనమును విసిగింపకుండుట ఇవన్నియు ఆ సంఖ్యలో ఇమిడియున్నవి. అది శ్రమకును నమ్మకమునకును కొలత. ఆ మేరకు దానిని గౌరవింపవలయును.

సంఖ్యను నేను ఈసడించుటలేదు. ఈసడించుటకు మనకు వీలును లేదు. ప్రాథమిక పాఠశాలలో మొత్తము 40 మంది, లేక ఒక తరగతిలో 10 మంది పిల్లలున్నచో వారి మాతృభాషలో బోధింపవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. ఏటేటా జూను మాసమున మీ తలలను లెక్కించు ఉపాధ్యాయుని అడుగుడు, పదునొకండవ విద్యార్థి విలువ యెంతో చెప్పును. కాని ఆ లెక్క తరగతి ఉండవలెనా వలదా యని చెప్పును. ఆ పదిమందిలో ఎవరు పద్యము బాగుగ చదువుదురో చెప్పదు.

ఇక ఆ బాలుని చూచివ్రాత ప్రశ్న. 1980లో 'శంకరాభరణం' వచ్చినప్పుడు శంకరశాస్త్రి పాత్రధారి జె. వి. సోమయాజులుగారు చిత్రసీమకు ఇంచుమించు క్రొత్తవారు. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. వయసు ఏబది దాటినది. ఆ నాటి చిత్రముల లెక్కను బట్టి చూచినచో వారిని జాబితాకు అడుగున వేయవలసివచ్చును. కాని వారు అంతకుముందు అనేక సంవత్సరములు రంగస్థలముపై 'కన్యాశుల్కము' నాటకమున రామప్పపంతులు వేషము కట్టినవారు. తెరపై కనబడిన ఆ ఒక్క పంక్తి వెనుక కనబడని పంక్తులు ఎన్నియో కలవు. చూచివ్రాతలో ఇరువది పంక్తులు చేతికొరకు, నాయనా. మార్కులు వేయునప్పుడు నేను చూచునది ఇరువదియవ పంక్తిలోని అక్షరమును. నీ పుస్తకములో అది మొదటి పంక్తికంటె వంకరగా నున్నది. ఆ మాటయు చెప్పవలసియున్నది.

వచ్చు సోమవారమునకు అభ్యాసము: ఇంటివారితో కూర్చుండి 'షావుకారు'ను, 'కన్యాశుల్కం'ను చూడుడు. పెద్దలకు కథ తెలిసియుండును. మీకు మాట అర్థము కానిచోట వారినడుగుడు. పైకపు మాట వచ్చినప్పుడెల్ల ఆ యిద్దరు ముసలివారి కన్నులు, గొంతు, చేతులు ఎట్లు మారుచున్నవో గమనించి ఒక పుట వ్రాసి తెండు. నల్లబల్లపై జాబితా వ్రాసిన బాలుడు రెండు పుటలు వ్రాసినను నేను వలదనను.