సరకు రవాణాకు సీమ గండాలు: కర్నూలు, కడప

సీమ అంటే కరవు అనుకుని చదివేవారు సరకు రవాణా దగ్గర బోల్తా పడతారు. ఇక్కడ లారీలను ఆపింది వరదే.

2009 అక్టోబరు: తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునక. జాతీయ రహదారి–44 (పాత నంబరు 7) ఈ నగరం మీదుగానే వెళ్తుంది.

2021 నవంబరు 19: చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. నందలూరు–రాజంపేట మధ్య పట్టాలు కొట్టుకుపోయి ముంబై–చెన్నై రైలు మార్గం స్తంభించింది. అదే వానలకు కమలాపురం వద్ద పాపాఘ్ని వంతెన కూలింది. చెయ్యేరు, పాపాఘ్ని రెండూ పెన్నా ఉపనదులే (జతపరచండి ప్రశ్నకు అనువు). కట్ట తెగేనాటికి రాజంపేట వైఎస్సార్ కడప జిల్లాలోది. రాజంపేటను కలుపుకొని అన్నమయ్య జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న.

నష్టం ఎవరిది? రోడ్డు రవాణా చట్టం–2007 (అమలు 2011 మార్చి 1, రద్దయినది 1865 చట్టం). సెక్షన్ 17: సరకు పోతే బాధ్యత రవాణాదారుదే, దైవిక విపత్తు, యుద్ధం వంటివి మినహాయింపు. అయితే తగిన జాగ్రత్తతో తప్పించగలిగిన నష్టానికి ఆ మినహాయింపు చెల్లదు. మెలిక ఇక్కడే, ప్రశ్నా ఇక్కడే.

ఈ–వే బిల్లు (సరకు తరలింపుకు జీఎస్టీ పత్రం): సాధారణ సరకుకు 200 కి.మీ.కు ఒక రోజు గడువు. లారీ దారిలో చిక్కుకుంటే గడువుకు 8 గంటల ముందు నుంచి 8 గంటల తర్వాత వరకు పొడిగించుకోవచ్చు.

పీఎం గతిశక్తి ప్రారంభం: 2021 అక్టోబరు 13. జాతీయ లాజిస్టిక్స్ విధానం: 2022 సెప్టెంబరు 17.

తప్పక అడిగేది: 2024 ఆగస్టు 28న కేంద్రం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో ఓర్వకల్లు (కర్నూలు) హైదరాబాద్–బెంగళూరు కారిడార్‌లోది, కొప్పర్తి (కడప) విశాఖ–చెన్నై కారిడార్‌లోది.