ర్యామ్ డిస్కు పెట్టే ముందు

చి. బుజ్జికి,



నీ మెసేజ్ చూశాను. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువు. బావగారు కొత్తగా 8 జీబీ ర్యామ్ వేయించారనీ, దాంతో మొత్తం 16 జీబీ అయిందనీ, అందులో సగం ర్యామ్ డిస్కుగా మార్చేస్తే కంప్యూటర్ పరిగెడుతుందని మీ క్లాసులో ఎవరో చెప్పారనీ రాశావు. పెట్టుకో, నేను వద్దనను. కానీ సగం వద్దు. పైగా నువ్వనుకుంటున్న పనికి అసలే వద్దు.

ర్యామ్ డిస్కు అంటే ర్యామ్‌లో కొంత చోటును డిస్కులా కనిపించేలా చేయడం. ఫోల్డర్లు, ఫైళ్లు అన్నీ మామూలుగానే ఉంటాయి, కానీ కింద తిరిగే పళ్లెం ఉండదు. మీ ఇంట్లోని హార్డ్ డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైచిలుకు. చెదురుమదురుగా ఉన్న చిన్న ఫైళ్లు చదవాలంటే ప్రతిదానికీ చదివే హెడ్ కదలాలి, పళ్లెం తిరిగి రావాలి. ఒక్కో దానికి సుమారు 10 మిల్లీసెకన్లు వేసుకుంటే సెకనుకు వంద చదవగలదు, అంతే. అదే ర్యామ్‌కి పట్టేది సుమారు 100 నానోసెకన్లు. భాగిస్తే లక్ష రెట్లు తేడా. ఈ లెక్క చూసే అందరూ మోజు పడతారు.

ఆ మోజు పాతదే. 1984లో వచ్చిన పీసీ డాస్ 3.0లోనే వీడిస్క్ అనే డ్రైవరు ఉండేది. తర్వాత మైక్రోసాఫ్ట్ డాస్‌లో ర్యామ్‌డ్రైవ్ వచ్చింది. కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను రాస్తే కొత్త డ్రైవు అక్షరం ప్రత్యక్షమయ్యేది. ఫ్లాపీల మీద కంపైలర్ నడిపే రోజుల్లో అది నిజంగా వరమే. విండోస్ 98 స్టార్టప్ ఫ్లాపీ కూడా బూటయ్యాక మెమరీలో చిన్న డ్రైవు చేసి, రిపేరు సామగ్రిని అందులోకి విప్పేది. అప్పటి డాస్ తనంతట తానుగా పెద్దగా ఏమీ గుర్తు పెట్టుకునేది కాదు. అందుకే మనం పూనుకుని ఆ పని చేయాల్సి వచ్చేది.

ఇప్పుడలా కాదు. ఒక చిన్న పరీక్ష చెయ్. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, కాస్త కుదురుకున్నాక లిబ్రే ఆఫీస్ తెరువు. హార్డ్ డిస్కు గరగరలాడి, చాలాసేపటికి గానీ తెరుచుకోదు. మూసేసి వెంటనే మళ్లీ తెరువు. చటుక్కున వచ్చేస్తుంది. మొదటిసారి చదివిన ఫైళ్లను ఆపరేటింగ్ సిస్టమ్ ఖాళీగా ఉన్న ర్యామ్‌లో అట్టిపెట్టుకుంది. దీన్నే పేజ్ క్యాష్ అంటారు. లినక్స్‌లో ఫ్రీ అనే కమాండు కొడితే బఫ్/క్యాష్ అనే గడిలో ఎంత ఉందో కనిపిస్తుంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో క్యాష్డ్ అని ఉంటుంది. విండోస్ విస్టా నుంచి అయితే నువ్వు రోజూ ఏవి వాడతావో గమనించి ముందుగానే తెచ్చిపెట్టే సర్వీసు కూడా ఉంది. ఏదైనా ప్రోగ్రాముకు మెమరీ కావాల్సి వస్తే ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌లోది తీసేసి ఆ చోటు ఇచ్చేస్తుంది.

నువ్వు 8 జీబీ పక్కకు తీస్తే ఏమవుతుందో ఇప్పుడు నీకే తెలుస్తుంది. మీ అమ్మ వంట చేస్తుంటే స్టవ్ గట్టు మీద సగానికి గీత గీసి, ఇటువైపు నాది, ఇక్కడేమీ పెట్టకు అన్నట్టు ఉంటుంది. ఏది ఎప్పుడు చేతికందాలో తెలిసిన మనిషికి చోటు తగ్గించి, తెలియని నువ్వు సర్దడం మొదలుపెడతావు.

ఇంకొకటి. కంప్యూటర్ ఆన్ అవడానికే చాలాసేపు పడుతోందని రాశావు. దానికి ర్యామ్ డిస్కు ఏమీ చేయలేదు. పవర్ ఇచ్చిన క్షణాన అది ఖాళీ. అందులోకి ఏది రావాలన్నా ముందు అదే పాత హార్డ్ డిస్కు మీంచి చదవాలి. షట్‌డౌన్‌లో మొత్తం ఒక ఇమేజ్ ఫైలుగా దాచి, ఆన్ అయినప్పుడు తిరిగి నింపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి వాడితే ఆన్ చేయడం, ఆపడం రెండూ ఇంకా ఆలస్యమవుతాయి.

కాబట్టి ముందు జబ్బేమిటో చూడు. కంప్యూటర్ నత్తనడకన ఉన్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి మూడు గడులు గమనించు. మెమరీ నిండిపోవడమే జబ్బయితే, ర్యామ్ వేయించారు కాబట్టి ఆ బాధ ఇప్పటికే తీరి ఉంటుంది. సీపీయూ నిండితే డిస్కులతో పనే లేదు. డిస్కు గడి 100 శాతం దగ్గర తిష్ఠ వేసి, పక్కన చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలే చూపిస్తుంటే, హెడ్ అటూ ఇటూ పరుగెత్తడంతోనే సరిపోతోందన్నమాట. నా అనుమానం ఇదే. దీనికి మందు ఎస్ఎస్‌డీ. సాటా రకమైనా సెకనుకు 500 ఎంబీ పైగా చదువుతుంది. అంతకంటే ముఖ్యం, కదిలే హెడ్ లేదు. మీ కంప్యూటర్లో ఉన్న విండోస్, ఉబుంటు రెండూ దాని మీదికి మార్చి, పాత హార్డ్ డిస్కును ఫొటోలకూ సినిమాలకూ ఉంచండి.

మరి ర్యామ్ డిస్కు దేనికి పనికొస్తుందంటావా? పేజ్ క్యాష్ చదవడంలో సాయం చేస్తుంది. రాయడంలోనూ కొంత చేస్తుంది. కానీ "ఇది డిస్కు మీదికి చేరిందని ఖాయం చేస్తే గానీ నేను కదలను" అని ప్రోగ్రాము పట్టుబడితే క్యాష్ చేతులెత్తేస్తుంది. డేటాబేసులు చేసేది అదే. నీ ప్రాజెక్టులో ఎస్‌క్యూలైట్ పరీక్షలు నడుపుతున్నావు కదా. ఒక్కో ఇన్సర్ట్‌ను విడి ట్రాన్సాక్షన్‌గా వదిలితే, ప్రతి కమిట్‌కూ పళ్లెం తిరిగి వచ్చేదాకా ఆగాలి. సెకనుకు కొన్ని డజన్లకు మించి సాగవు. ఆ పరీక్షల డేటాబేసును ర్యామ్‌లో పెడితే ఆ ఎదురుచూపే ఉండదు, తేడా కళ్లకు కనిపిస్తుంది. అయితే ముందుగా ఇన్సర్ట్‌లన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో చుట్టి చూడు. చాలాసార్లు దాంతోనే పని అయిపోతుంది. ప్రోగ్రాములో ఉన్న లోపాన్ని హార్డ్‌వేర్‌తో కప్పిపుచ్చడం నాకు నచ్చదు.

ర్యామ్ డిస్కుకు తగిన పనుల్లో బిల్డు ఫోల్డరు రెండోది. వేలకొద్దీ చిన్న ఫైళ్లు పుట్టి చచ్చే చోటు అది. పెద్ద జిప్ ఫైలు విప్పి, చూసుకుని, పారేసే పని కూడా ఇలాంటిదే. బ్రౌజర్ క్యాష్‌ను ర్యామ్‌లోకి మార్చమని సలహాలిస్తుంటారు, దాని జోలికి పోకు. నీ బ్రౌజర్ ఆగేది ఎక్కువగా ఇంటర్నెట్ కోసం.

ఉబుంటులో ఎలాగో చెబుతాను. విచిత్రమేమిటంటే నువ్వేమీ చేయకుండానే అక్కడ ఒక ర్యామ్ డిస్కు సిద్ధంగా ఉంది. డెవ్ డైరెక్టరీ కింద ఎస్‌హెచ్‌ఎం అనే ఫోల్డరు చూడు. మామూలుగా దాని హద్దు మొత్తం ర్యామ్‌లో సగం. నువ్వు అడిగిన సగం అన్నమాట! కానీ అది హద్దే, పక్కన పెట్టేసిన చోటు కాదు. టీఎంపీఎఫ్ఎస్ అనే ఆ ఫైల్ సిస్టమ్ ఫైళ్లు పెట్టినంతే మెమరీ తింటుంది, తీసేస్తే తిరిగి ఇచ్చేస్తుంది. ముందు ఆ ఫోల్డరులోనే నీ పరీక్షలు నడిపి చూడు. లాభం కనిపిస్తే విడిగా ఒక ఫోల్డరు చేసుకుని, 2 జీబీ హద్దుతో మౌంట్ చెయ్. ప్రతిసారీ తానే రావాలంటే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఒక లైను చేర్చాలి. ఆ లైను తప్పు పడితే బూటింగే మధ్యలో ఆగిపోవచ్చు, అందుకే దాన్ని ఉత్తరంలో రాయకుండా ఫోన్‌కి పంపుతాను, కాపీ చేసుకో. ర్యామ్‌ఎఫ్ఎస్ అని ఇంకో రకం కనిపిస్తుంది, అది వద్దు. దానికి హద్దు ఉండదు, మెమరీ మొత్తం మింగేస్తుంది. టీఎంపీఎఫ్ఎస్‌కి ఉన్న చిక్కల్లా మెమరీ ఇరుకైతే అందులోవి స్వాప్‌లోకి, అంటే మళ్లీ ఆ హార్డ్ డిస్కు మీదికి పోవడమే. 2 జీబీ చాలనేది అందుకే.

సీప్లస్‌ప్లస్‌కి సీమేక్ వాడుతున్నావు కాబట్టి బిల్డు డైరెక్టరీ ఎక్కడుండాలో దానికి చెప్పొచ్చు. సోర్సు డిస్కు మీద, బిల్డు ర్యామ్‌లో. ఈ రెండూ తారుమారు కాకూడదు. టైమ్ కమాండుతో రెండు చోట్లా కొలువు. ఒక్కో చోట బిల్డు మొదటి నుంచి రెండుసార్లు నడిపి రెండో అంకెనే తీసుకో, మొదటిసారి క్యాష్ ఖాళీగా ఉంటుంది కాబట్టి. కంపైల్ సమయంలో పెద్ద తేడా రాకపోతే ఆశ్చర్యపోకు, ఆ పనిలో బరువంతా సీపీయూదే.

విండోస్‌లో దీనికి సిద్ధంగా ఉన్న సౌకర్యమేమీ లేదు. బయటి సాఫ్ట్‌వేరు డ్రైవరు వేయాలి. వేశాక చాలామంది టెంప్ ఫోల్డరును అక్కడికి మారుస్తారు. నువ్వు మార్చకు. కొన్ని ఇన్‌స్టాలర్లు సగం పని చేసి, రీస్టార్ట్ అడిగి, టెంప్‌లో దాచుకున్న ఫైళ్లతో మిగతా సగం చేస్తాయి. రీస్టార్ట్‌తో ర్యామ్ డిస్కు తుడిచిపెట్టుకుపోతే అవి నడిమధ్యలో ఆగుతాయి. విండోస్ వైపు బావగారిది, దాన్ని అలాగే వదిలేయ్.

బావగారి షాపు లెక్కలు, అక్క దాచుకున్న ఫొటోలు, నీ రికార్డు ఫైళ్లు, ఇవేవీ ఒక్క నిమిషమైనా అందులో పెట్టకు. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న విద్యుదావేశం. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారి చిప్ దాన్ని తిరిగి నింపుకోవాలి. కరెంటు పోతే ఆ నింపడం ఆగుతుంది, రికవరీ సాఫ్ట్‌వేర్లు వెతికినా ఏమీ దొరకదు. వేసవిలో మీ వీధిలో కరెంటు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. యూపీఎస్ ఉందనే ధైర్యం వద్దు, అది సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేయడానికి చాలేంత సేపే నిలబడుతుంది.

రేపు ఎస్ఎస్‌డీ కొన్నాక అది అరిగిపోతుందనీ, అందుకు ర్యామ్ డిస్కు పెట్టమనీ ఇంకెవరో చెబుతారు. 500 జీబీ ఎస్ఎస్‌డీలు చాలావాటికి 300 టెరాబైట్లు రాసేదాకా వారంటీ ఇస్తారు. రోజుకు 20 జీబీ రాసినా ఆ అంకె చేరడానికి 41 ఏళ్లు పడుతుంది.

ఆదివారంలోగా ఒక పని చెయ్. ఆన్ చేసిన పది నిమిషాలకు టాస్క్ మేనేజర్ ఫొటో ఒకటీ, నీ పరీక్షలు రెండు చోట్లా నడిపిన టైములూ పంపు. డిస్కు గడి నేననుకున్నట్టే ఉంటే ఎస్ఎస్‌డీ కొనమని బావగారితో నేనే మాట్లాడతాను.

నీ
మామయ్య