తండ్రి కారుకు ప్రభుత్వ సాయమా?

ప్రశ్న: అమెరికాలోని వెర్మాంట్ వంటి గ్రామీణ రాష్ట్రాల్లో పేద తండ్రుల రాకపోకలకు ప్రజాధనం ఖర్చు చేయడం సబబేనా? ఆ డబ్బేదో నేరుగా పిల్లలకే ఇవ్వొచ్చు కదా?

జవాబు: 2020 జనాభా లెక్కల ప్రకారం వెర్మాంట్ వాసుల్లో దాదాపు 65 శాతం గ్రామీణులే, ఆ దేశంలో ఇదే అత్యధికం. ఇళ్లు విసిరేసినట్టుండే చోట రాత్రి షిఫ్టుకు బస్సు దొరకడం కష్టం. కారు లేకపోతే ఉద్యోగం నిలవదు; అది పోతే, విడిగా ఉంటున్న తండ్రి కోర్టు విధించిన పిల్లల పోషణ ఖర్చు కట్టలేడు. పైగా, బకాయిపడితే డ్రైవింగ్ లైసెన్సు నిలిపివేసే ఏర్పాటు రాష్ట్రాలకు ఉండాలని 1996 నాటి సంక్షేమ చట్టమే చెబుతోంది. ఉండీ ఇవ్వనివాడికి అది చురకే. లేక ఇవ్వలేనివాడికి మాత్రం సంపాదన దారే మూసుకుపోతుంది. విచిత్రమేమిటంటే, అదే చట్టం తెచ్చిన టానిఫ్ (పేద కుటుంబాలకు తాత్కాలిక సాయం) నిధులను కారు మరమ్మతుకూ వాడొచ్చు!

సొమ్ము పక్కదారి పడుతుందన్న భయం కొట్టిపారేయదగింది కాదు. అయితే నగదు చేతికివ్వకుండా మెకానిక్‌కే చెల్లించవచ్చు. 1996లో బర్లింగ్టన్‌లో మొదలైన గుడ్ న్యూస్ గరాజ్, విరాళంగా వచ్చిన పాత కార్లను బాగుచేసి పేద కుటుంబాలకు ఇచ్చింది. నేరుగా పిల్లలకిచ్చే సొమ్ము అవసరమే, కానీ అది తండ్రి నెలజీతానికి బదులు కాదు. కాబట్టి సాయం సబబే. ముందుగా మాత్రం, కట్టే స్తోమత లేనివారి లైసెన్సులు తిరిగివ్వాలి.