22వ క్రోమోజోములో లోటు – తప్పు ఎవరిది?

మన హోట్గి రోడ్డు ఇళ్లలో బిడ్డ గుండెలో రంధ్రంతో పుట్టినా, మాటలు ఆలస్యమైనా ముందు తల్లిని అంటారు. లేదా గ్రహణం పట్టిందనో, మేనరికమనో అంటారు. విద్యార్థులు ఈ పాఠం చదివి ఇంట్లో పెద్దలకు వినిపించండి.

మన కణాల్లో 46 క్రోమోజోములుంటాయి. 23 తల్లివి, 23 తండ్రివి. బ్యాంకులో లెడ్జర్లు రాసినవాణ్ణి గనుక వీటిని 46 లెడ్జర్లంటాను. 22వ నంబరువి రెండుంటాయి. వాటిలో ఒకదానిలో కొన్ని పేజీలు లోపించడమే 22క్యూ11.2 డిలీషన్. సుమారు 4,000 మంది శిశువుల్లో ఒకరికి ఉంటుందని అంచనా.

గుండె లోపం, అంగిలి లోపం వల్ల ముక్కుతో మాట్లాడటం, కాల్షియం తగ్గి ఫిట్స్, చదువులో, ముఖ్యంగా లెక్కల్లో ఇబ్బంది దీని లక్షణాలు. అన్నీ ఒకే బిడ్డలో ఉండనక్కరలేదు.

పదింట తొమ్మిదిసార్లు ఇది తల్లిదండ్రుల్లో ఉండదు. బిడ్డలోనే కొత్తగా ఏర్పడుతుంది. కొన్ని ఇతర జబ్బులకు మేనరికం కారణం కావచ్చు, దీనికి కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే, వారికే తెలియకపోవచ్చు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగం. కనుక మరో బిడ్డను కనేముందు ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోవాలి.

మామూలు క్రోమోజోము పరీక్షలో ఇంత చిన్న లోటు సాధారణంగా కనబడదు. ఫిష్ లేదా మైక్రోఅర్రే పరీక్ష గురించి డాక్టరును అడగండి. హైదరాబాదు నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది.

పోయిన పేజీలు తిరిగి రాయలేము. కాని గుండెకు ఆపరేషన్, కాల్షియం మందులు, మాట శిక్షణ ఉన్నాయి. తల్లిని నిందించకండి, బిడ్డను బడి మాన్పించకండి.