చిటికెన వేలు సంగతి

రాజమండ్రి,
ఆదివారం.

చిరంజీవి బుజ్జమ్మకి పెద్దమామయ్య ఆశీస్సులు.

ఈ ఉత్తరం మొన్ననే రాయాల్సింది. మీ అమ్మ ఫోన్ పెట్టేయగానే కాగితం తీశాను గానీ, అప్పుడు రాసుంటే అన్నీ మీ అమ్మ మాటలే వచ్చేవి. నీ సెమిస్టర్ పరీక్షల గురించీ, బ్యాండూ బ్యాండూ అంటూ రాత్రి పదకొండింటికి హాస్టల్ చేరుతున్నావట, దాని గురించీ నిన్ను గట్టిగా అడగమంది. అడుగుతాను, చివర్లో. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి వేరే ఉంది. అది నీ ఎడమచేతి చిటికెన వేలు.

నువ్వు బేస్ గిటార్ వాయిస్తూ పంపిన వీడియో ఇప్పటికి పదకొండు సార్లు చూశాను. మొదటిసారి మేనకోడల్ని చూసుకున్నాను. (నీలం చుడీదార్ బావుంది. జుట్టు అంత పొట్టిగా కత్తిరించుకోకుండా ఉండాల్సింది.) రెండోసారి పాట విన్నాను. మూడోసారి నుంచీ ఆ వేలినే చూస్తున్నాను. నాలుగు నిమిషాల పాటలో అది ఒక్కసారి కూడా తీగె మీద వాలలేదు. తక్కిన మూడు వేళ్ళూ చెమటోడుస్తుంటే అది మాత్రం అలిగిన పెళ్ళికొడుకు బావగారిలా పక్కకి తిరిగి నిలబడింది. మీ అత్తయ్యకి చూపిస్తే, "పిల్ల ఇంచక్కా వాయిస్తోంది కదండీ, మధ్యలో మీకేమొచ్చింది" అంది.

దాని వెనకే నీ మెసేజ్. "మేజర్ స్కేల్ అయిపోయింది మామయ్యా, ఒకటే షేపు, పైకీ కిందకీ జరిపితే పన్నెండు కీలూ వచ్చేసినట్టే." అయిపోవడానికి అదేమన్నా ఇంటర్మీడియట్టా తల్లీ? ఒక షేపు వచ్చిందంటే ఒక షేపు వచ్చినట్టే. అదీ సరిగ్గా రాలేదని నీ వీడియో చెబుతోంది. మధ్య వేలు 'ఏ' (A) తీగె మీద మూడో ఫ్రెట్టులో పెట్టి సి మొదలెట్టావు, బాగానే ఉంది. తర్వాత రి అయిదో ఫ్రెట్టులో. అది చిటికెన వేలి పని. నువ్వు ఉంగరం వేలు సాగదీసి నొక్కావు. అది అందక చెయ్యంతా పక్కకి ఈడ్చావు. పై తీగెకి వెళ్ళేటప్పుడు మళ్ళీ వెనక్కి ఈడ్చావు. ఒక్క పాటలో ఎన్నిసార్లు ఈడ్చావో లెక్కపెడదామని కూర్చుని, నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. మణికట్టు నొప్పెడుతోందని మీ అమ్మతో అన్నావట. నొప్పెట్టదూ మరి?

కోప్పడుతున్నాననుకోకు. నాకు నీ మీద కోపం లేదు, ఆ వేలి మీదే.

ఇప్పుడు గిటార్ ఒళ్ళో పెట్టుకుని చదువు. ఆ సి స్కేలే తీసుకుందాం, అంటే మన శంకరాభరణం. నీకొచ్చిన దారి: ఏ తీగె మీద 3, 5. డి తీగె మీద 2, 3, 5. జి తీగె మీద 2, 4, 5. నాలుగు ఫ్రెట్లకీ నాలుగు వేళ్ళు, చెయ్యి జరగక్కర్లేదు. ఇక రెండో దారి. అదే సి లావు తీగె మీద ఎనిమిదో ఫ్రెట్టులో కూడా ఉంది. అక్కడ చిటికెన వేలు పెట్టు. అవును, స పెట్టేదే దానితో. తర్వాత ఏ తీగె మీద 5, 7, 8: చూపుడు వేలు, ఉంగరం వేలు, మళ్ళీ చిటికెన వేలు. డి మీద 5, 7. అక్కడ చెయ్యి ఒక్క ఫ్రెట్టు వెనక్కి తీసుకుని, జి మీద నాలుగు చూపుడు వేలితో, అయిదు మధ్య వేలితో. మూడో దారిలో మళ్ళీ ఏ తీగె మూడో ఫ్రెట్టు దగ్గరే మొదలెడతావు గానీ చూపుడు వేలితో. ఏ మీద 3, 5, 7, డి మీద 3, 5, 7, ఆపైన జి మీద 4, 5. ఇది దూరం ఎక్కువ. వేళ్ళు చీలిపోయేలా సాగదీయకుండా బొటన వేలితో సహా చెయ్యి జరుపు.

మూడు దారులూ ఎక్కడ తేలాయో చూశావా? జి తీగె మీద అయిదో ఫ్రెట్టులోనే. మనింటి నుంచి గోదారి గట్టుకి కూరగాయల బజారు మీదుగా వెళ్ళినా, గుడి వెనక సందులోంచి వెళ్ళినా చేరేది ఆ రేవుకే. కానీ బజారు రోజున సందు తెలిసినవాడే ముందు చేరతాడు. ఇంకో సంగతి, ఆ రెండు సి-లూ ఒకదాని వెనక ఒకటి మీటి విను. స్వరం ఒకటే, గొంతు వేరు. లావు తీగె మీద ఎనిమిదో ఫ్రెట్టులో అది మెత్తగా, కాస్త బొంగురుగా ఉంటుంది. ఏ తీగె మీద విప్పుకుని పలుకుతుంది. పల్లవికి ఏది, చరణానికి ఏది అని ఎంచుకునే వీలు రెండు దారులూ తెలిస్తేనే.

ఇదంతా నాకెలా తెలిసిందనుకున్నావు? తెలియకపోవడం వల్ల తెలిసింది.

1980లో శంకరాభరణం సినిమా వచ్చి, వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ పిల్లల్ని సంగీతం మాస్టారి దగ్గర చేర్పిస్తుంటే, వీణ వాయించే మీ అమ్మమ్మ కొడుకు మాత్రం సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అమ్మకి ఎంత బాగా వచ్చో మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. నేర్పేవాళ్ళు లేరు. రికార్డులు విని, ఖాళీ తీగెల్ని పట్టుకుని నేర్చుకున్నాను. జి స్కేల్ అయితే నాకు స్వర్గం. ఏ, డి, జి మూడూ ఖాళీ తీగెల మీదే పలుకుతాయి, మిగతా వాటికి రెండు వేళ్ళు చాలు. మా ఆర్కెస్ట్రాలో ఆడగొంతు పాటలన్నీ అయిదు శ్రుతిలోనే పాడేవారు, అయిదంటే జి-యే. అలా తొమ్మిదేళ్ళు రెండు వేళ్ళతో కాపురం చేశాను.

1989 వినాయక చవితి. గీతాంజలి సినిమాకి ఇళయరాజా చేసిన పాటలు ఊరంతా మోగుతున్నాయి. ఆ రోజు మా గాయని జ్వరంతో పడుకుంటే ఇంకో అమ్మాయిని తీసుకొచ్చారు. ఆమె మైకు ముందు నిలబడి, "నాది అయిదున్నర అండీ" అంది. అర శ్రుతి. కీబోర్డు అబ్బాయి మీట నొక్కాడు, వాడి పని అయిపోయింది. గిటార్ అతను మెడకి కేపో బిగించాడు. నా దగ్గర మీటా లేదు, కేపో లేదు. ఖాళీ తీగెలు ఒక్క దెబ్బతో పోయాయి, ని ఒక్కటి తప్ప. తీగెలన్నీ అర శ్రుతి బిగించుకోవచ్చుగా అంటావు. అప్పటికే తబలా అతను ఎత్తుకున్నాడు. ఇళయరాజా పాటలో బేస్ స, ప కొట్టి ఊరుకోదమ్మా, పాట పక్కనే ఇంకో పాటలా నడుస్తుంది. నేను ఆ రాత్రంతా చూపుడు వేలొక్కటి ముందుకీ వెనక్కీ పరిగెత్తించి స, ప మాత్రం కొట్టాను. కొన్నిచోట్ల అవి కూడా తప్పాను. తబలా అతను నా వంక చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో నాకు కనబడుతూనే ఉంది.

మీ అమ్మమ్మ పందిట్లో మూడో వరసలో కూర్చుంది. వస్తుందని నాకు తెలియదు. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ ఒకే మాట అంది: "దేవుడు వేళ్ళు అన్నిస్తే రెండే పట్టుకెళ్ళావేంరా?" తొమ్మిదేళ్ళలో నా గిటార్ గురించి అమ్మ అన్న మొదటి మాట. పెరుగన్నంలో ఆవకాయ వేసింది, అంటే కోపం లేదని.

వీణ మీద అమ్మమ్మ కూడా చూపుడు వేలు, మధ్య వేలితోనే గదా నడిపేది అని నువ్వు వాదిస్తావు, నాకు తెలుసు. వీణ మీద ఆ రెండు వేళ్ళూ కలిసి ఒకే తీగె మీద పొడుగునా ప్రయాణం చేస్తాయి, మెట్టు మీదే తీగె లాగి గమకం పలికిస్తాయి. మన బేస్ మీద స్వరాలు తీగెలకి అడ్డంగా పంచి ఉంటాయి. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు. అన్నట్టు, అలా పొడుగునా కూడా వాయించి చూడు: ఏ తీగె ఒక్కదాని మీదే 3, 5, 7, 8, 10, 12, 14, 15. ఎక్కడ రెండేసి ఫ్రెట్లు, ఎక్కడ ఒక్కటి అన్నది కంటికే కనబడుతుంది. షేపు గుర్తుంటే సరిపోదు, స్కేల్ తెలియాలి. అది ఇక్కడే తెలుస్తుంది.

మరి ఆ బేసిస్టు జేమ్స్ జేమర్సన్ ఒక్క వేలితోనే మోటౌన్ కంపెనీ పాటలెన్నో వాయించాడు గదా అని రాశావు. చదివి నవ్వొచ్చింది. ఆ ఒక్క వేలు కుడిచేతిది. దాన్ని హుక్ అని ముద్దుగా పిలిచేవారు. తీగె మీటేది దానితో, నొక్కేది ఎడమచేత్తో. చేతులు మార్చి సాక్ష్యం చెప్పించకు. కావాలంటే జాంగో రైన్‌హార్ట్ పేరు చెప్పు, ఒప్పుకుంటాను. 1928లో బండి ఇల్లు తగలబడి ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ దెబ్బతిన్నాక, ఆయన ముఖ్యంగా మిగిలిన రెండిటితో గిటార్ మీద అద్భుతాలు చేశాడు. ఆయన వేళ్ళు కాలిపోయాయి. నీ వేలికేమైంది?

ఒక్క చోట మాత్రం నేను తగ్గాలి, నిజం దాచకూడదు గదా. మీ అత్తయ్య కుట్టుమిషను టేపు తెచ్చి నా బేస్ కొలిచాను. 34 అంగుళాల స్కేలు, నీదీ అదే. మొదటి ఫ్రెట్టు నుంచి నాలుగో ఫ్రెట్టుకి అయిదంగుళాల పైమాటే. పన్నెండు ఫ్రెట్లు పైకి వెళితే అదే దూరం సగానికి సగం. మెడ మొదట్లో ఫ్రెట్టుకో వేలు అంటూ పంతానికి పోతే చెయ్యి పాడవుతుంది, అందునా నీ చేతులు మీ అమ్మలా చిన్నవి. వియన్నాలో డబుల్ బేస్ వాయించిన ఫ్రాంజ్ సిమాండల్ అనే ఆయన, కింది స్థానాల్లో ఉంగరం వేలూ చిటికెన వేలూ జంటగా నొక్కే పద్ధతి పాఠాలుగా రాసి పెట్టాడు. చూపుడు, మధ్య, ఆ తర్వాత రెండూ కలిపి. అయిదో ఫ్రెట్టు కింద అలాగే వాయించు. చూడు, అక్కడ కూడా చిటికెన వేలికి సెలవు లేదు, తోడు దొరికిందంతే. బల్ల మీద అరచెయ్యి బోర్లించి, మధ్య వేలు లోపలికి మడిచి, ఉంగరం వేలొక్కటే ఎత్తి చూడు. లేవదు. దానికి నువ్వు ఒంటరిగా ఎంత బరువు మోపుతున్నావో అప్పుడు తెలుస్తుంది.

చిన్నప్పుడు పుష్కరాల రేవులో ఆ జనంలో నువ్వు నా చిటికెన వేలే పట్టుకుని నడిచావు. మిగతా వేళ్ళు నీ గుప్పిట్లో పట్టేవి కావు. సప్తపదిలో పెళ్ళికూతురిది పట్టుకునేదీ అదే వేలు. ఏదో రాస్తూ ఎక్కడికో వెళ్ళిపోయాను. మీ అమ్మకి ఈ పేజీ చూపించకు, పెళ్ళి మాట ఎత్తానని సంబంధాలు చూడటం మొదలెడుతుంది.

సాధకం సంగతి. ముందు పైన, పన్నెండో ఫ్రెట్టు దాటాక మొదలెట్టు, అక్కడ ఫ్రెట్లు దగ్గర. వేలు ఫ్రెట్టు కమ్మీని ఆనుకుని, దానికి వెనకే పడాలి. అప్పుడు కొంచెం నొక్కితే చాలు. మెట్రోనోమ్ 60లో పెట్టి, దెబ్బకో స్వరం. తర్వాత దెబ్బకి రెండు, ఆ తర్వాత నాలుగు. సరళీ వరసలు మూడు కాలాల్లో పాడించినట్టే. ఆరోహణ ఒక దారిలో, అవరోహణ ఇంకో దారిలో రా. తర్వాత సరిగ, రిగమ, గమప. రోజుకొక శ్రుతి చాలు, పన్నెండూ ఒకే రోజు తిప్పకు. పావుగంట వాయించి చెయ్యి దించు. నొప్పి వస్తే ఆ రోజుకి ఆపు. కండ లాగడం వేరు, నొప్పి వేరు. తిమ్మిరెక్కినా, రాత్రి నిద్రలో సలిపినా నాకు రాయడం కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళు. బెల్టు రెండు రంధ్రాలు పైకి బిగించు. బేస్ మోకాళ్ళ దాకా వేలాడితే స్టేజీ మీద అందంగా ఉంటుందేమో గానీ మణికట్టు విరిగినట్టు వంగుతుంది. అయిదు తీగెల బేస్ కొంటానని రాశావు. నాలుగో వేలు పనిలోకి వచ్చాక ఆ మాట ఎత్తు, సగం డబ్బు నేనిస్తాను.

ఇక మీ అమ్మ అడగమన్నది. పరీక్షలు రాయి. హాస్టల్‌కి తొమ్మిదింటికల్లా చేరు. అడిగేశాను.

ఆవకాయ పార్సిల్ మంగళవారం అందుతుంది, మూత గట్టిగా ఉంది, బ్యాండులో ఎవరైనా మగపిల్లాడి చేత తీయించు. ఏడాదిపాటు ఎవరికీ పెట్టకుండా దాచుకోకు. వచ్చే ఆదివారానికి నాకో వీడియో పంపు. పాట వద్దు. లావు తీగె మీద ఎనిమిదో ఫ్రెట్టు, చిటికెన వేలితో మొదలుపెట్టి సి స్కేల్, మెల్లగా. మొహం కనబడకపోయినా ఫరవాలేదు, ఎడమచెయ్యి కనబడాలి.

ఇట్లు,
నీ పెద్దమామయ్య